పంపే మాట

తిరుమంగళం దాటి హైవే దిగితే మూతపడిన నూలు మిల్లు ఒకటి ఉంది. ఆ రోజు దాని ఆఫీసు గదిలో మధ్యాహ్నం మూడింటికే ట్యూబ్‌లైటు వేయాల్సి వచ్చింది. అక్టోబరు చివర, తమిళుల ఐప్పసి నెల వాన. రేకుల మీద ఎడతెగని చినుకులు, గోడల్లో పాత దూది వాసన, ఎన్నేళ్ళయినా వదలని మిషను నూనె వాసన. ఆ మిల్లు కృత్తిక తాతది. కూలివాళ్ళ రక్తంతో కట్టిన గోడలని ఆమె ఇంట్లో అందరి ముందూ అంటుంది. అని, ఆ గోడల మధ్యే పని చేసుకుంటుంది.

బల్ల మీద మూడు కంప్యూటర్లు. ఒకటి విండోస్, ఒకటి లినక్స్, మూడోది పట్నంలో, ఆర్.ఎస్. పురంలో ఉండే స్నేహితురాలు చారులతను బతిమాలి తెచ్చుకున్న మ్యాక్. పక్కనే ఒక అంధుల బడి వదిలించుకున్న బ్రెయిలీ ప్రింటర్. అది సిరా వేయదు, మందపాటి కాగితం మీద చుక్కలు పొడుస్తుంది. పొడిచేటప్పుడు మేకులు కొట్టినంత మోత. బల్లకు ఆ చివర కృత్తిక మేనత్త చెన్నమ్మాళ్ కూర్చుని ఉంది. అరవై మూడేళ్ళు. పుట్టుకతోనే చూపు లేదు.

ఆ ఊళ్ళో మూడు వందల తెలుగు ఇళ్ళు. వందల ఏళ్ళుగా నోట్లో తెలుగే. ఏ ఒక్క ఇంట్లోనూ తెలుగు అక్షరం లేదు. బడి తమిళంలో, ఉద్యోగం ఇంగ్లీషులో. నెట్‌లో చూసి అక్షరాలు దిద్దుకున్న కృత్తికను పక్కన పెడితే, ఊరు మొత్తానికి తెలుగు చదవగలిగేది చూపు లేని ఈ అత్త ఒక్కతే. ఎందుకంటే బ్రెయిలీలో తమిళం ‘క’కూ తెలుగు ‘క’కూ చుక్కలు ఒక్కటే. చిన్నప్పుడు మదురైలో తమిళం నేర్చిన వేలు తెలుగునూ తడిమి చదివేస్తుంది. ఈ సంగతి తెలిసిన రోజున కృత్తిక ఆఫీసు తలుపు మీద సుద్దతో ‘అక్షరం ఎవడబ్బ సొత్తూ కాదు’ అని రాసింది. దాన్ని చదవగలిగినవాళ్ళు ఆ దారిన ఎవరూ పోలేదు.

ఎవరైనా ఉచితంగా వాడుకోగల, మార్చుకోగల, పంచుకోగల బ్రెయిలీ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఆంధ్రా తెలుగుకు అందులో చోటుంది. తమిళం కలిసిన ఈ ఇళ్ళ మాటకు లేదు. ఏడాదిన్నర కష్టపడి ఆ చోటు కృత్తిక చేసింది. పరీక్ష ముగించి సాయంత్రం ఆరులోపు పంపితేనే ఆ సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్ళు ఈసారి తీసుకుంటారు. లేకపోతే మళ్ళీ ఏడాది. ఏడాది ఆగడానికి అత్త దగ్గర వేలు లేదు. చక్కెర జబ్బు వేళ్ళను ఒక్కొక్కటే మొద్దుబార్చింది. మిగిలింది కుడి చూపుడు వేలు ఒక్కటే. అదీ ఈ నెల దాటితే కష్టమని డాక్టరు చెప్పాడు.

“మూడింటిలోనూ ఒక్కటే రావాలత్తా. ఒక్క చుక్క తేడా వచ్చినా తీసుకోరు.”

“తీసుకోకపోతే వాళ్ళింట్లో అన్నం ఉడకదా ఏమి?”

“నవ్వకండి. ఇది మీ హక్కు.”

“పొద్దున్నుంచి నాకొక కాఫీ లేదు. అది ఏ హక్కులో వస్తాదే?”

కృత్తిక ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసింది. అత్త తాగి, చీర కొంగుతో చూపుడు వేలు తుడుచుకుంది. పసిబిడ్డ మూతి తుడిచినంత జాగ్రత్తగా.

“అది సరి. ఈ పిలుపు ఏమిటికి ఎత్తుకున్నావే? ఊళ్ళో వేరే మాటే దొరకలేదా?”

పరీక్షకు పెట్టిన పాఠం గురించి అత్త అంటున్నది. వాళ్ళింట్లో ఏడాదికొకసారి పోయినవాళ్ళకు విస్తరి వేస్తారు. ఇంటి పెద్ద ఆడమనిషి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తుంది. నలభై ఒక్క పేర్లు. అందరికీ పెట్టాక నలభై రెండో మాటగా పంపేస్తుంది. ‘తిన్నారు, చూసినారు, వచ్చిన దోవన పోండి.’ అది అనేదాకా ఎవరూ గడప దాటకూడదు, దీపం ఆర్పకూడదు. కృత్తిక అవ్వ తాయమ్మాళ్ కిందటేడు పోయేముందు ఫోన్లో రికార్డు చేయించిన పిలుపు అది. కృత్తిక విని వరుసగా టైపు చేసుకుంది.

“ఇంత పాత మాట ఇంకెక్కడుందత్తా? ఇది చరిత్ర. చరిత్రకు భయపడేవాళ్ళే బానిసలవుతారు.”

“ఎవురు చెప్పింది?”

కృత్తికకు గుర్తు రాలేదు. “ఎవరైతేనేం.”

“సరి సరి. ఇవ్వు కాగితం.”

మొదట విండోస్. ప్రింటర్ టకటకా పొడిచింది. అత్త వేలు చుక్కల మీద పాకింది. ఆమె పైకి చదివితేనే కృత్తిక సరిచూసుకోగలదు.

“వెంకటసామి తాతా, రాండి. అలమేలమ్మవ్వా, రాండి. సుబ్బమ్మ పెద్దమ్మా, రాండి...”

నలభై ఒక్క పేర్లూ అయ్యాయి. వేలు కాగితం అంచున ఆగి తడుముకుంది.

“ఇంకొక కాగితం ఉండాదా?”

“అవన్నీ తర్వాత చూద్దాం అత్తా. టైం లేదు. ఇదిగో రెండోది.”

ప్రింటర్ మళ్ళీ మొదలయ్యేలోపు అత్త వాకిలి వైపు తల తిప్పింది.

“ఎవురో వచ్చినారు. చెప్పులు విడుస్తా ఉండారు.”

కృత్తిక లేచి చూసింది. వరండాలో వాన నీళ్ళు తప్ప ఏమీ లేవు.

రెండోది లినక్స్. అవే పేర్లు, అదే వరుస. సగంలో ఉండగా గదిలోకి ఒక వాసన వచ్చింది. ఆముదం దీపం వాసన... అప్పుడే వార్చిన అన్నం వాసన... వాటి కింద, ఎన్నో నాళ్ళు పెట్టెలో మడిచిపెట్టిన తడిబట్ట వాసన. దూది వాసన ఎటు పోయిందో పోయింది. గోడవారన పేర్చిన ఇనుప కుర్చీల్లో ఒకటి కిర్రుమంది. తర్వాత ఇంకొకటి.

మూడోది మ్యాక్. అత్త గొంతు తగ్గిపోయింది. కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుంది.

“కొంచం జరుగు” అంది, చదవడం ఆపకుండానే. “నిలబడేదానికి చోటు లేదు వాళ్ళకు.”

“ఎవరికి?”

అత్త వేలు ఆగలేదు. పేర్లు చదువుతూ పోయింది. వానకు చల్లగా ఉండాల్సిన గదిలో ఉక్క. కృత్తిక మెడ వెనక వెచ్చగా గాలి తగిలింది. తిరిగి చూడబుద్ధి కాలేదు. గడియారం చూసింది. ఐదు నలభై. మూడు ఫైళ్ళనూ పక్కపక్కన పెట్టి పోల్చింది. ఒక్క చుక్క తేడా లేదు. ఏడాదిన్నర కష్టం. పాఠంతో సహా మొత్తం పంపేసింది.

“పంపినానత్తా! మనం గెలిచాం!”

అత్త మొహంలో నవ్వు లేదు.

“పంపే మాట ఏదే?” అంది గుసగుసగా. “మూడు తూర్లు పిలిచినాను. మూడు తూర్లూ అది రాలేదు.”

కృత్తిక ఫైలు తెరిచింది. నలభై రెండో వరుస అక్కడే ఉంది. దాని చివర ఎంటర్ కొట్టడం మరిచిపోయింది. చివర ఎంటర్ లేని వరుసను ఆమె రాసుకున్న చిన్న ప్రోగ్రాం చదవదు. మూడు కంప్యూటర్లలోనూ ఒకేలా వదిలేసింది. మూడూ ఒక్కటిగా ఉన్నాయా అనే చూసింది ఆమె. మూడూ ఒక్కలాగే తప్పుతాయని అనుకోలేదు.

ఎంటర్ కొట్టి ఆ ఒక్క వరుసనే ప్రింటు తీసి అత్త వేలి కింద పెట్టింది. అత్త తడిమింది. మళ్ళీ తడిమింది. గోటితో గీకింది.

“ఒట్టి కాగితం ఇచ్చినావేమి?”

చుక్కలు కృత్తిక కళ్ళకు కనిపిస్తూనే ఉన్నాయి.

“పోయిందే...” అంది అత్త. “వేలు పోయింది.”

ఆ మాట ఆమె ఏడవకుండా అంది. ఆ తర్వాత నడుము నిటారుగా పెట్టి, గుర్తున్నదే నోటితో చెప్పింది. “తిన్నారు, చూసినారు, వచ్చిన దోవన పోండి.”

కుర్చీలు వరుసగా కిర్రుమన్నాయి. మెడ వెనక గాలి పోయింది. తడిబట్ట వాసన వాకిలి దాకా వెళ్ళి ఆగి... వెళ్ళిపోయింది. కృత్తిక అత్త చేయి పట్టుకుంది.

ఫోన్ టింగుమంది. ఆమె పంపిన పరీక్ష ఏదో దేశంలో ఏదో కంప్యూటర్ మీద దానంతటదే నడిచి, ఆ పేర్లన్నీ మళ్ళీ చదివింది. పచ్చ టిక్కు. నెగ్గింది.

వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు.

“మళ్ళీనా...” అంది అత్త. పంపే మాట చెప్పి వాళ్ళను మళ్ళీ పంపింది. ఫోన్ టింగుమంది. విండోస్, నెగ్గింది. మళ్ళీ పంపింది. మ్యాక్, నెగ్గింది. ఈసారి కుర్చీలు ఖాళీ కాకముందే నిండిపోయాయి.

కృత్తిక తను పంపినదాన్ని వెనక్కి తీసుకోవడానికి నొక్కింది. అది వెనక్కి వచ్చింది. కానీ అప్పటికే ఏవేవో దేశాల్లో పదకొండు మంది దాన్ని కాపీ చేసుకున్నారు. వాళ్ళను ఆపే హక్కు ఎవరికీ లేదు. ఏ స్వేచ్ఛ కోసం ఆమె ఇంట్లో అందరితో పోట్లాడిందో, ఆ స్వేచ్ఛే అది. పదకొండు పన్నెండయింది. చూస్తుండగానే పద్నాలుగు.

“అత్తా, చెప్పండి. ఆపకుండా చెప్పండి.”

అత్త చెప్పడం లేదు.

ఆమె కుడిచేయి కాగితం దాటి బల్ల మీదికి జారింది. నున్నటి ఒట్టి చెక్క. దాని మీద చచ్చిన చూపుడు వేలు ఎడమ నుంచి కుడికి మెల్లగా పాకుతోంది. వరుస చివర ఆగి, కిందికి దిగి, మళ్ళీ ఎడమ నుంచి.

“ఇప్పుడు బాగా తెలుస్తా ఉండాదే” అంది అత్త. ఆ గొంతులో సంతోషం ఉంది. “చిన్నప్పుడు కూడా ఇంత బాగా తెలిసింది లేదు.”

“ఏం తెలుస్తోంది? అక్కడేమీ లేదత్తా!”

“నలభై రెండో పేరు. మనోళ్ళు కాదే... నోరు తిరగడం లేదు. మా... ర్... టి... న్. ఎవురే ఇది? రాండి అని ఉండాది.”

“చదవకండి!” తెర మీద, కాపీ చేసుకున్నవాళ్ళ జాబితాలో మొదటి పేరు అదే.

“చదవకుండా ఎట్లా? వేలు ఆగితే కదా.”

కృత్తిక ఆ మణికట్టును రెండు చేతులతో పట్టి లాగింది. బల్లకు మేకులతో కొట్టినట్టుంది. కదలలేదు. వేలు మాత్రం సాగుతూనే ఉంది. ఒక వరుస అయింది, కిందికి దిగింది. అత్త పెదవులు మరో పేరు కూడబలుక్కుంటున్నాయి.

“పొడుగ్గా ఉండాదే” అంది అత్త. “బల్ల చాలేట్టు లేదు.”

వేలు బల్ల అంచు దాటింది. అక్కడ ఇక చెక్క లేదు. గాల్లోనే ఎడమ నుంచి కుడికి మెల్లగా పాకి, కృత్తిక ముంజేతి మీదికి వచ్చి... చదువుతూ పోయింది.