గుర్తుతెలియని వ్యక్తి

తెల్లవారి ఏడు కాకముందే దేముడమ్మ రైల్వే క్వార్టరు వాకిలి ఊడ్చి, పొయ్యి మీద చోడిపిండి అంబలి పెట్టింది.

"తమ్ముడూ, బడికెళ్లీ ముందే ఆ కాయితం రాసీరా. మీ బావ సేత ఏలిముద్ర ఎయ్యించాల."

నరసింగరావు కలం, కాగితం తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. అతను ఆ ఊరి ఎలిమెంటరీ బడిలో మాస్టారు. పదేళ్ల వయసులో తల్లీ తండ్రీ పోతే అక్కా బావలే తెచ్చుకుని పెంచారు. బావ అప్పలసూరి స్టేషనులో పాయింట్స్‌మన్. తనకు అక్షరం ముక్క రాకపోయినా, బావమరిదిని ట్రైనింగుదాకా చదివించాడు.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లన్నీ అట్టుడికిన మొన్నటి నవంబరులో, జనం ఆ చిన్న స్టేషను మీద పడ్డారు. ఒక రాయి వచ్చి అప్పలసూరి ఎడమ కంటికి తగిలింది. నెలన్నర ఆస్పత్రిలో ఉండి, ఆ కన్ను పోగొట్టుకుని నిన్ననే ఇంటికొచ్చాడు. ఒంటికన్నుతో పట్టాలు మార్చే పని కుదరదు. ఇంకేదైనా తేలిక పని ఇవ్వాలంటే దెబ్బ ఎలా తగిలిందో రాసిమ్మన్నారు పైవాళ్లు.

అప్పలసూరి తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. "రాయరా నర్సింగా. ఆ పగలు నాకు డూటీ లేదు. జగన్నాధానికి జొరమొస్తే ఆడి బదులు ఎల్లాను. మూడొందల మందొచ్చినారు. మొకాలకి తువ్వాళ్లు సుట్టుకున్నారు. సిగ్నలు తీగలు తెంపొద్దు బాబూ, రైలు పడిపోతాదని సేతులెత్తి దండం పెట్టినాను..."

నరసింగరావు రాస్తూనే ఉన్నాడు.

"మరి విసిరినోడెవుడని రాయాల?" అంది దేముడమ్మ లోపల్నుంచి.

"ఎవుడని సెప్తాను? అన్నీ తువ్వాళ్లే గదే."

'గుర్తుతెలియని వ్యక్తి' అని రాయాలి. 'గుర్తు' దాకా రాసి కలం ఆగిపోయింది.

"ఏటిరా, ఆగిపోనావు?"

"బావా..." అన్నాడు తలెత్తకుండానే. "ఆ రోజు నానూ ఉన్నాను."

"ఎక్కడ?"

"ఆ జనంలో. తువ్వాలు కట్టుకుని. నానూ విసిరాను."

లోపల గరిటె చప్పుడు ఆగిపోయింది. దేముడమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"బడిలో పిల్లడి మీద ఏనాడూ బెత్తం ఎత్తనోడివి! నువ్వా?" అంది నమ్మలేనట్టు.

"నానేనే అక్కా. నినాదాలిచ్చి వచ్చేద్దామనే ఎల్లాను. ఎవుడో తువ్వాలు ఇచ్చి కట్టుకోమన్నాడు. కట్టుకున్నాక నాను నాను కానట్టయిపోనాను. మాస్టార్ని కాను, మీ తమ్ముణ్ణి కాను. అందరూ విసురుతన్నారు, నానూ విసిరాను. ఆ మనిషి కూలిపోతే అందరితో పాటు కేక కూడా ఎట్టాను." అతని కళ్ల నుంచి నీళ్లు కాగితం మీద పడ్డాయి. "సాయంత్రం ఇంటికొచ్చాకే తెలిసింది, ఆ మనిషి బావేనని. వంద రాళ్లు లేచినాయి గదా, నాది తగల్లేదేమోనని ఈ నెలన్నరా అనుకుంటన్నాను. అనుకుంటే నిద్దర పడతాదా?"

దేముడమ్మ అతని రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. కొట్టబోయి, కొట్టలేక, అక్కడే కూలబడి మొహం కప్పుకుంది.

అప్పలసూరి అతని వైపు తిరిగాడు.

"నన్ను సూసావా?"

"లేదు బావా. నీలం సొక్కా ఒకటి అవుపించింది. అంతే."

"నానని తెలిస్తే విసురుదువా?"

"సచ్చినా విసరను."

"మరి ఆ సొక్కాలో జగన్నాధమే ఉంటే? ఆడి పెళ్లాం ఏడవదేట్రా?"

నరసింగరావు కలం కింద పెట్టేశాడు. ఇన్నాళ్లూ బావకు దెబ్బ తగిలిందనే కుమిలిపోయాడు. ఇంకెవరైనా అయ్యుంటే ఈపాటికి మరిచిపోయి ఉండేవాడేమో! బావ కాళ్ల మీద పడి వెక్కివెక్కి ఏడ్చాడు.

అప్పలసూరి ఆ తల మీద చెయ్యి వేయలేదు. తన కాళ్లు వెనక్కి తీసుకోనూ లేదు.

కాసేపటికి నరసింగరావు లేచి కొత్త కాగితం తీసుకున్నాడు. తన పేరు, తండ్రి పేరు, చేసే ఉద్యోగం, విసిరిన రాయి, అన్నీ రాశాడు. రాసింది పైకి చదివాడు.

"పోలీసులకిస్తాను బావా."

"ఉజ్జోగం పోతాది."

"పోనీ."

"జైల్లో ఎడతారురా!" అని దేముడమ్మ గొల్లుమంది. "నువ్వయినా వొద్దని సెప్పవా?"

అప్పలసూరి గుమ్మం దగ్గర చెప్పులు కాలితో వెతుక్కుంటూ అన్నాడు. "వొద్దంటే ఆడు మళ్లీ ఆ తువ్వాల్లోకే ఎలిపోతాడే. ఎల్లనీ. ఆడితో నానూ ఎల్తాను. ఈడు నా బావమరిది, నానే పెంచినానని సెప్తాను."

దేముడమ్మ కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. రెండు గిన్నెల్లో అంబలి పోసి తెచ్చి, ఒకటి మొగుడి చేతికిచ్చింది. రెండోది తమ్ముడి ముందు పెట్టింది, అతని మొహం చూడకుండానే.

"తాగెల్లండి. పోలీసు టేసను దూరం," అంది.

ఇద్దరూ ఎండలోకి దిగారు. నరసింగరావు బావకు ఎడమ పక్కగా నడిచాడు. కొంత దూరం పోయాక అప్పలసూరి చెయ్యి చాచి అతని భుజం పట్టుకున్నాడు.

"మెల్లిగా నడరా," అన్నాడు. "నాకీ పక్క దారి అవుపడదు."