కాలువకీ వంతెనకీ పడదు

ఆ నగరపాలక సంస్థ ఇంజనీరింగ్ విభాగంలో ఎవరినీ సొంత పేరుతో పిలవరు. ఎవరి చేతిలో ఏ పని ఉంటే అదే పేరు. వీధిదీపాలు చూసే పెద్దాయన దీపాలు. పార్కులు చూసే ఆవిడ పార్కు. "దీపాలు ఇవాళ సెలవు, పార్కుకి జలుబు" అని వాళ్లు మాట్లాడుకుంటుంటే కొత్తగా వచ్చినవాళ్లు బిత్తరపోతారు. వాననీటి కాలువ కట్టించే కుర్ర ఇంజనీరు కాబట్టి మన కథానాయకుడు కాలువ. పేరు వినగానే ఏ అమ్మాయైనా ముక్కు మూసుకుంటుందని అతని బాధ.

ప్లానింగ్ మేడమ్‌తో అతని పరిచయం గొడవతోనే మొదలైంది. నగరంలో ఏ పని ముందు, ఏ పని తర్వాత అని మార్కులు వేసేది ఆమె. కాలువ ప్రాజెక్టుని అట్టడుగున పడేసింది. అతను అగ్గి మీద గుగ్గిలమై ఆమె గదిలోకి వెళ్లాడు.

"మీ కాలువ సముద్రంలో కలుస్తుందని రాశారు," అంది తల ఎత్తకుండా. "సముద్రం పోటు మీదున్నప్పుడు కూడా మీ మాట వింటుందా? నీళ్లు వెనక్కి తంతే?"

అతను కాగితాలు చుట్టుకుని బయటికి నడిచాడు. మర్నాడు కాలువ చివర ఒక ఇనప తలుపు గీసుకొచ్చాడు, పోటు వస్తే దానంతటదే మూసుకునేది. అలాంటివి ఎక్కడైనా పనిచేస్తున్నాయేమో చూపించమంది. దాంతో ఇద్దరూ ఊళ్లోని పాత తూములన్నీ తిరిగారు. వాన కురుస్తోంది. గొడుగు ఒక్కటే. ఆమె ఒక చేత్తో చెప్పులు, ఇంకో చేత్తో అతని మోచేయి పట్టుకుని బురదలో నడిచింది. జారిపోతానన్న భయంతోనే పట్టుకుంది, కానీ ఆ సంగతి మోచేతికేం తెలుసు? తూముల పని పూర్తయ్యేసరికి అతను పీకల్దాకా మునిగిపోయాడు.

చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నానుస్తూ ఉండగా వంతెన దిగాడు.

ఈ వంతెన కూడా మనిషే. నగరాన్ని రెండుగా చీల్చే సముద్రపు పాయ మీద నడక వంతెన కట్టించడానికి కొత్తగా వచ్చిన ఇంజనీరు. తెల్ల చొక్కాతో సైటుకి వెళ్లి తెల్ల చొక్కాతోనే తిరిగొచ్చే రకం. వచ్చీ రాగానే వంతెన నమూనా ఒకటి చేయించి ప్లానింగ్ మేడమ్ బల్ల మీద పెట్టాడు. దానికి చిన్న చిన్న దీపాలు, కమ్మీకి ఆనుకుని నిలబడ్డ ఒక చిట్టి అబ్బాయి, ఒక చిట్టి అమ్మాయి. మీట నొక్కితే దీపాలు వెలుగుతాయి. ఆమె ఫోన్లో మాట్లాడుతూ కూడా ఆ మీట నొక్కుతూ ఉండేది. అది చూసినప్పుడల్లా కాలువకి ఒళ్లు మండిపోయేది. పోటీగా తను ఏం పెట్టగలడు? గొయ్యి తవ్వి చూపించాలి.

పైగా వంతెన జోకు వేస్తే ఆమె నవ్వేది. ఆ జోకులో నవ్వడానికేముందని కాలువ పార్కుని అడిగాడు. తనకీ నవ్వొచ్చిందని పార్కు ఒప్పుకుంది. ఆ రోజు నుంచి పార్కుతో కూడా మాటల్లేవు.

ఇంతలో ఒకనాడు టీ తాగుతూ ప్లానింగ్ మేడమ్ బాంబు పేల్చింది. మనసులో ఎవరైనా ఉంటే ఆదివారంలోపు చెప్పమని, లేకపోతే తనే సంబంధాలు చూస్తానని వాళ్ల నాన్నగారు గడువు పెట్టారట. చెప్పి, కాలువ వైపు చూసింది. అతను వెనక్కి తిరిగి చూస్తే అక్కడ వంతెన బిస్కెట్ నములుతూ నిలబడి ఉన్నాడు. ఆ చూపు ఎవరికో కాలువకి అర్థమైపోయింది. అర్థమైందనే అనుకున్నాడు పాపం.

శనివారం వార్డు సభ. కాలువా, నడక వంతెనా, ఈ రెండింటిలో ఈ ఏడు ఏది ముందు కావాలో ఆ వార్డు జనమే ఓటు చీటీలు వేసి తేల్చాలి. ప్లానింగ్ మేడమ్ ఇల్లూ ఆ వార్డులోదే. శుక్రవారం సాయంత్రం ఆఫీసంతా ఆ హడావుడిలో ఉండగా, ఆమె గది ముందు నుంచి వెళ్తున్న కాలువకి ఫోన్లో ఆమె గొంతు వినబడింది.

"నేను వంతెన వైపే నాన్నా. బాగా ఆలోచించే చెప్తున్నా. కాలువ మీద నాకేం కోపం లేదు. కానీ జీవితాంతం సుఖంగా ఉండాలంటే వంతెనే."

మన భాషలో మనిషో కట్టడమో క్రియ చివర తేలిపోతుంది. వంతెన వస్తాడంటే మనిషి, వస్తుందంటే కట్టడం. ఆ మాటల్లో వంతెన పక్కన ఒక్క 'ది' ఉండి ఉంటే, కాలువ ఆ పూట అన్నం తినేవాడు.

సభలో ముందు వంతెన మాట్లాడాడు. నమూనా దీపాలు వెలిగించాడు. చప్పట్లు పడ్డాయి. తర్వాత కాలువ లేచాడు. వానాకాలంలో ఇళ్లలోకి నీళ్లెలా వస్తాయో, మంచాల కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుని జనం ఎలా పడుకుంటున్నారో మొదట చక్కగానే చెప్పాడు. అందరూ తలలూపారు. అక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేది! పక్కన కూర్చున్న ప్లానింగ్ మేడమ్ చెయ్యి అలవాటుగా నమూనా మీట మీదకి వెళ్లడం అతని కంటపడింది.

"ఇక వంతెన సంగతి. పైకి అందంగానే కనిపిస్తాడు," అన్నాడు. "ఆ దీపాలు చూసి మోసపోకండి. వాన పడితే మీకోసం బురదలో దిగుతాడా? అంతా పైపై సోకు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ముందు వరసలో బట్టతల పెద్దాయన లేచి ఎంతో మర్యాదగా అడిగాడు.

"వంతెన కనిపిస్తాడేమిటి బాబూ? మీకూ వంతెనకీ పాత కక్షలేమన్నా ఉన్నాయా?"

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా వంతెన నవ్వాడు. అదీ తట్టుకోలేకపోయాడు కాలువ. అయితే నీళ్లలో మునిగే ఇళ్లవాళ్లు మునిగే ఇళ్లవాళ్లే, నవ్వుతూనే చీటీలు కాలువకి వేశారు. ఓట్లలో కాలువ గెలిచింది. మనిషి కాలువ మాత్రం హాలు వెనక మెట్ల దగ్గర, సన్నటి తుంపరలో తడుస్తూ నిలబడ్డాడు.

ప్లానింగ్ మేడమ్ వెతుక్కుంటూ వచ్చింది.

"మీరు వంతెనకే వేసి ఉంటారు," అన్నాడు అటు తిరిగి.

వేశానంది. నిన్న ఫోన్లో విన్నానని, వంతెన మంచివాడేనని, చొక్కాకి మరకలు కూడా అంటవని, ఇద్దరూ సుఖంగా ఉండాలని అతను గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆమె ముందు తెల్లబోయింది. తర్వాత నెమ్మదిగా మెట్టు మీద కూర్చుంది. ఆమె నవ్వుతుందనుకున్నాడు. కోపం వచ్చింది.

"మా ఇల్లు పాయకి అవతల, మీ ఇల్లు ఇవతల. పెళ్లయ్యాక అమ్మానాన్నల్ని చూడాలంటే ఊరంతా చుట్టి రావాలి. వంతెన ఉంటే చక్కగా నడిచి వెళ్లి రావచ్చని, మనిద్దరి కోసం వేశాను నేను. మీరు సభ పెట్టి మరీ దాన్ని ఓడించారు."

"మనిద్దరి కోసమా?"

"నాన్న గడువు పెట్టిన రోజే మీ సంగతి చెప్పేశాను. మీరు నోరు విప్పుతారేమోనని టీ దగ్గర ఆ మాట అన్నాను. మీరు వెనక్కి తిరిగి చూశారు."

చీటీలు మళ్లీ వేయించవచ్చేమోనని కాలువ ఆశగా అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను మొదట చెప్పిన ఇటుకల మంచాల మాట నిజమేనని, అది విన్నాక వంతెనకి వేస్తుంటే తనకే సిగ్గేసిందని చెప్పింది.

"మీరంటే నాకు ఇష్టం," అన్నాడతను చివరికి. "తూముల దగ్గర నుంచీ."

"తెలుసు. ఇప్పుడు హాలంతటికీ తెలుసు."

తలుపు తెరుచుకుంది. ముందు వరసలోని బట్టతల పెద్దాయన గొడుగు విప్పుకుంటూ బయటికొచ్చాడు. ఆమె లేచి "నాన్నా" అంది. కాలువకి భూమి చీలిపోతే బాగుండుననిపించింది. పెద్దాయన అతన్ని ఎగాదిగా చూసి, వంతెన వంతు ఎప్పుడొస్తుందని అడిగాడు. వచ్చే ఏడు, కాకపోతే ఆ పై ఏడు అని కాలువ నసిగాడు.

"రేపు మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రావాలి," అన్నాడు పెద్దాయన గొడుగు అతని మీదకి జరుపుతూ. "దారి చాలా చుట్టు. పొద్దున్నే బయల్దేరండి, అల్లుడుగారూ."