అమ్మ బట్టీపట్టిన అక్షరాలు

అమ్మ ధైర్యం కోసం ఆడిన అబద్ధం కూడా పాపమేనా? దేవుడి ముందు దీపం పెట్టినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను. ఏళ్ళు గడిచినా జవాబు రాలేదు.

వయసుతో అమ్మ కంటి వెనక పొర అరిగిపోతూ వచ్చింది. ఎదుటి మనిషి మొహం ఉండాల్సిన చోట మసక. కంటి క్లినిక్‌లో ఎర్ర లైటు చికిత్స మొదలుపెట్టారు. మూడు వారాల్లో తొమ్మిది సిట్టింగులు, నాలుగు నెలలకోసారి మళ్ళీ.

మెషీన్ చూసుకునే అమ్మాయి మొదటిరోజే చెప్పేసింది. "పోయిన చూపు తెస్తామని చెప్పనండీ. ఉన్నది నిలుస్తుందేమో చూద్దాం."

లైటుకు ముందు గోడమీది అక్షరాలు చదివించేది. తడబడిన రోజు అమ్మ అన్నం ముట్టేది కాదు. చూడలేక, ఆ అక్షరాలన్నీ చీటీలో రాసుకొచ్చి అమ్మచేత స్తోత్రంలా వల్లె వేయించాను.

మర్నాడు అమ్మ చివరి వరుసదాకా గడగడా అప్పజెప్పింది.

"భలే చదివారు పెద్దమ్మగారూ! కానీ చార్టు ఇవాళ పొద్దున్నే మార్చాను."

నన్ను వరండాలోకి పిలిచింది. "మీరే నేర్పారా?"

"ధైర్యంగా ఉంటుందని..."

"మీరు టైలరట కదా! తప్పు కొలతలిస్తే చొక్కా కుట్టగలరా?"

చీటీని జేబులోకి తోసేశాను.

"నాకొక నిజం బాకీ పడ్డారు. గుర్తుంచుకోండి."

ఓ వానరోజు ఆ బాకీ అడిగింది. "పెద్దమ్మగారు ఒక్కరే ఆటోలో వస్తానంటున్నారు. దుకాణం మూసి మరీ మీరెందుకు రావడం?"

"వాన కదండీ."

"మొన్న ఎండగా ఉంది."

"ఎండ కూడా పడదండీ."

నవ్వి ఊరుకుంది. రెండేళ్ళు అలాగే ఊరుకుంది.

ఆఖరి సిట్టింగునాడు అమ్మ నాలుగు వరుసలు చదివి ఆగింది. "ఐదోది కనపడటం లేదమ్మా," అంది, ఏ బెరుకూ లేకుండా.

"మొదట్లోనూ నాలుగే. ఒక్క వరుసా జారలేదు!" ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. చూపు నిలిచింది లైటు వల్లో, మొక్కుల వల్లో నాకు తెలియదు. అంతలో ఆ అమ్మాయే అంది, "రేపట్నుంచి నన్ను వేరే ఊరి క్లినిక్‌కి వేశారండీ. ఇక్కడికి ఇంకొకరు వస్తారు."



"బాకీ తీర్చేస్తానండీ," అన్నాను. "నేను మీకోసమే వస్తున్నాను. మొదటి వారం నుంచీ."

ఆ అమ్మాయి అటు తిరిగి మెషీన్ తుడవసాగింది.

"జవాబేదో చెప్పు తల్లీ," అంది అమ్మ. "లేకపోతే అదీ నాచేత వల్లె వేయిస్తాడు!"

ఆ అమ్మాయి పకపకా నవ్వి, నావైపు తిరిగింది.

"నిజం అందిందండీ. మీ బాకీ తీరింది. సాయంత్రం ఇంటికొచ్చి మా నాన్నగారితో మాట్లాడండి."