పన్నెండో చార్జర్

గద్వాల స్టేషన్ రోడ్డు లాడ్జిలో, తొమ్మిదో నంబరు గదిలో మంచం కాలింది. మంచం మీది మనిషీ కాలాడు. పెట్రోలు వాసన లేదు, బాంబు ముక్క లేదు. అతని చేతి పక్కన సెల్‌ఫోన్‌కు పెట్టే పోర్టబుల్ చార్జర్ ఒకటి కరిగి ముద్దయి ఉంది. అంతే.

పోయినవాడు నాగప్ప. పేరుకు పల్లీల వ్యాపారి, నిజానికి సర్కారు గూఢచారి. పదేళ్లు అతనితో కలిసి పనిచేసిన శ్రవణ్ కుమార్ ఆ గది గడపలో నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. సీక్రెట్ ఏజెంట్లు ఏడవరని ఎవడన్నాడో గానీ, ఆ పెద్దమనిషి ఇలాంటి గది చూసి ఉండడు.

జేబులో ఫోన్ మోగింది. డైరెక్టర్.

"చూశావా?"

"చూశాను సార్."

"లిథియం బ్యాటరీ. అంటుకుంటే ఓ పట్టాన ఆరదు. నాగప్ప ముఠా సరుకులో ఒకటి చేజిక్కించుకుని విప్పబోతే లోపలి తీగలు కలిశాయి. మిగతా సరుకు వనపర్తిలో ఉంది. రేపు శంషాబాద్ నుంచి మస్కట్ ఫ్లైట్ ఎక్కుతుంది. పదకొండూ నలభైకి టేకాఫ్. నూట నలభై మంది ప్యాసింజర్లు."

"స్కానర్‌లో దొరకదా?"

"చార్జర్ చార్జర్‌లాగే కనిపిస్తుంది. విమానం పైకి లేచాక తీగలు వాటంతటవే కలుస్తాయి. చేతి సంచిలో ఉంటే నీళ్లయినా కుమ్మరిస్తారు. కింద లగేజీ హోల్డులో అంటుకుంటే ఎవడు పోయి ఆర్పుతాడు?"

"అయితే ఫ్లైట్ ఆపేద్దాం సార్."

"ఆపితే ముఠా మాయమవుతుంది. వాళ్ల మనిషి ఎయిర్‌పోర్టులో కాపు కాసి, విమానం లేవగానే సరిహద్దు అవతలికి ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ మనకు కావాలి. సరుకు మార్చెయ్, ఫ్లైట్ లేవనీ. నువ్వూ ఎక్కు. నీ ప్రాణం కూడా అందులో ఉంటే పొరపాటు జరగదు."

డైరెక్టర్ గారి ప్రేమ ఎప్పుడూ అలాగే ఉంటుంది.

ఆ మధ్యాహ్నమే వనపర్తి మార్కెట్ యార్డులో, పల్లికాయ రాశుల మధ్య, తలపాగా చుట్టుకుని శ్రవణ్ నిలబడ్డాడు. రెండువేల తొమ్మిది ఫిబ్రవరి, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గద్వాల పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, పది గజాల ముందే తెలిసే సెంటు వాసన. వర్ష వస్తుంటే హమాలీలు బస్తాలు దించి మరీ చూశారు. ఊళ్లో గల్ఫ్ ట్రావెల్స్ ఆఫీసు ఆమెదే. ముఠా జీతం తింటూ మనకు కబుర్లు మోసే మనిషి.

శ్రవణ్ గుప్పెడు కాయలు తీసి నలిపాడు. "తడి ఉన్నట్టుంది?"

"రెండెండలు కొడితే ఎండుతది," అంది వర్ష. కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "వీపనగండ్ల దిక్కు ఆడోళ్లు పన్నెండు మంది రేపు మస్కట్ పోతుండ్రు, ఇండ్లల్ల పనికి. కంపెనీ కానుక అని చెప్పి చార్జర్లు పంచిన. పదకొండు."

"పన్నెండు మందికి పదకొండేంది?"

"జోగులమ్మకు ఫోనే లేదు. ఆమెకెందుకు చార్జరు?" అని నవ్వింది.

నవ్వు బాగుంది. శ్రవణ్ నమ్మాడు. అక్కడే కొంప మునిగింది.

మర్నాడు పొద్దున ట్రావెల్స్ వాళ్ల ఎస్కార్టు వేషంలో అతను కూడా ఆ పన్నెండు మందీ ఉన్న వ్యాను ఎక్కాడు. బిజినేపల్లిలో పుట్టి పెరిగినవాడు, ఆ యాస అతని నోట్లోనే ఉంది. దారి పొడుగునా ఆడవాళ్లు అతన్ని ఆటపట్టిస్తూనే ఉన్నారు. జడ్చర్ల దగ్గర చాయ్‌కి దిగినప్పుడు, బ్యాగులకు ట్యాగులు కడతానని వ్యాను వెనక్కి పోయాడు. పదకొండు బ్యాగుల్లోంచి పదకొండు చార్జర్లు తీసి, అచ్చం అలాగే ఉండేవి, మన ల్యాబ్ వాళ్లు పంపినవి పెట్టేశాడు. పన్నెండో బ్యాగు జోగులమ్మది. దాని నోరు సుతిలి తాడుతో బిగించి కుట్టేసి ఉంది. కోస్తే గొడవ. ఎలాగూ అందులో లేదు కదా అని వదిలేశాడు.

విమానం టైముకే లేచింది. చక్రాలు నేల వదిలిన నిమిషానికి, పార్కింగులో కారులో కూర్చుని విదేశానికి ఫోన్ కలిపినవాణ్ణి మనవాళ్లు పట్టుకున్నారు.

పైన కిటికీ పక్క సీట్లో జోగులమ్మ కళ్లు మూసుకుని శ్రవణ్ చెయ్యి పట్టుకుంది. నలభై ఏళ్ల మనిషి, గట్టి చేతులు. కాసేపటికి ధైర్యం వచ్చి కళ్లు తెరిచింది.

"సారూ, ఒక మాట అడుగుత. నాకు ఫోన్ లేకపాయె. గా చార్జరు మస్కట్ల మేడమ్‌కిస్తే తీసుకుంటదా?"

శ్రవణ్ గిరుక్కున ఆమె వైపు తిరిగాడు. "నీక్కూడా ఇచ్చిండ్రా?"

"ఇయ్యకేంది? గా నల్లద్దాలామె నా చేతులనే పెట్టింది. చేతుల పట్టుకోకు, పెద్ద బ్యాగులనే పెట్టు అని ఒట్టు గూడ ఏయించుకున్నది."

రెండు వైపులా జీతం తిన్న వర్ష, ఒక్క చార్జర్ మాత్రం ముఠా కోసం దాచి ఉంచిందన్నమాట. ఒక్కటి చాలదూ!

అతను కాక్‌పిట్ తలుపు దగ్గరికి ఎలా పోయాడో అతనికే తెలియదు. ఐడీ కార్డు చూసి, కింద హోల్డులో ఏముందో విని కెప్టెన్ గడియారం వైపు చూశాడు.

"వెనక్కి తిప్పి దిగాలంటే పదకొండు నిమిషాలు."

"అంతకంటే ముందు?"

"ముందంటే కూలడమే. పోయి బెల్టు పెట్టుకోండి."

శ్రవణ్ వచ్చి కూర్చున్నాడు. ముక్కుల్లో గద్వాల గది వాసన తిరిగింది. చుట్టూ చూశాడు. ముందు సీట్లో, వ్యానులో కలిసి వచ్చిన తిమ్మమ్మ పక్కనామెకు మురుకులు పంచుతోంది. ఒక్క సుతిలి కోయడానికి బద్ధకించాను, వీళ్లందరి ఉసురూ నాకే తగులుతుంది అనుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"గంత చెమటలేంది సారూ? పాణం బాగలేదా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "అక్కా, గా చార్జరు మంచిది కాదు. లోపల రెండు తీగలు కలిస్తే మంటలు లేస్తయ్. ఎవ్వరికి చెప్పకు."

జోగులమ్మ అరవలేదు. నుదురు ముడిచింది. "గవా? అవి నేను చూసిన."

"చూసినవా?"

"మూత ఊగుతుండె. గోరుతోటి లేపి చూస్తే రెండు తీగలు బోడిగ ఉండె. బోడి తీగ చూస్తే నాకు కాళ్లుజేతులు ఆడయ్ సారూ. సైకిల్ ట్యూబు ముక్కలు కోసి, రెంటికీ చుట్టి, దారంతో కట్టేసి, మళ్ల మూత పెట్టిన."

"ఎందుకక్కా?"

"మా ఆయన సాయిలు పొలం మోటరు కాడ బోడి తీగ తగిలే పాయె. అప్పటి సంది ఏ తీగ కనవడ్డా చుట్టుత. నాకు ట్యూబు పిచ్చి పట్టిందని ఊర్ల అందరు నగుతరు."

శ్రవణ్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. దారం జారితే? రబ్బరు చిరిగితే? ఆ ప్రశ్నలు దిగమింగుకుంటూ మిగిలిన ఆరు నిమిషాలు గడిపాడు. విమానం నేలను తాకి, పెద్ద కుదుపుతో ఆగింది.

రన్‌వే చివర అందరినీ దూరం తీసుకుపోయాక, బాంబు స్క్వాడ్ దేవరాజు సుతిలి కోసి చార్జర్ బయటికి తీశాడు. కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు. తర్వాత శ్రవణ్‌ను దగ్గరికి పిలిచాడు.

"సార్, తీగలు కలిశాయి. ఒకదానిమీద ఒకటి ఒత్తుకుని ఉన్నాయి. మధ్యలో ఈ రబ్బరు లేకపోతే..."

శ్రవణ్ పోయి ఆ మాట జోగులమ్మకు చెప్పాడు.

"గింత ముక్క నూట నలభై మందికి సరిపాయెనా తమ్మీ? గా పొద్దు మా ఆయన కాడ గింత గూడ లేకపాయె గదా!" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. శ్రవణ్ ఆమె పక్కనే, ఆ ఎండలో, సిమెంటు నేల మీద కూర్చున్నాడు.

సాయంత్రానికి వర్ష దొరికింది. గద్వాల స్టేషన్‌లో, బెంగళూరు రైలు మెట్టు మీద. నల్లద్దాలు లేకపోతే ఎవరూ పోల్చరనుకుందట. సెంటు పూసుకోవడం మాత్రం మానలేదు.

డైరెక్టర్ ఫోన్ చేశాడు. "శభాష్. రిపోర్టులో ఒక కాలమ్ ఖాళీగా ఉంది. ఏ ఎక్విప్‌మెంట్ వాడారు?"

"సైకిల్ ట్యూబు సార్."

"మన ల్యాబ్ అది ఎప్పుడు తయారుచేసింది?"

"మన ల్యాబ్ కాదు సార్. పంక్చరయ్యాక వీపనగండ్లలో తయారైంది."