అన్నం తిన్నాక చూస్తాలే

కుక్కర్ రెండో కూత వేసేసరికి ఆవిడ వంటగట్టుకి ఆనుకుని ఫోన్‌లో ఏదో టైప్ చేస్తోంది. ఒక్కో కామా దగ్గర ఆగి, పైకి చదువుకుని, మళ్ళీ వేలు కదుపుతోంది.

"ఎవరికి?" అన్నాడాయన పేపర్ మడుస్తూ.

"మా చెల్లెలి కూతురికి."

"ఇటు తే. ఓసారి చూసిస్తాను."

"అక్కర్లేదండీ. నేనే చూసుకున్నాను."

ఆయనకు చెంప మీద కొట్టినట్టయింది. ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్‌గా చేసి రిటైరైన మనిషి. పెళ్ళైన కొత్తలో ఆవిడ రాసిన ఉత్తరం చూసి, "చుక్కా లేదు, కామా లేదు, ఇదేం రాతే!" అని పదిమందిలో నవ్వాడు. అప్పటినుంచి పాలవాడికి రాసే చీటీ అయినా సరే, ఆయన చేతి మీదుగా వెళ్ళాల్సిందే. అదంతా ప్రేమే అనుకున్నాడు. మహారాజు మరి!

ఆవిడ కొన్నాళ్ళుగా కోడలి దగ్గర నేర్చుకుంటోంది. కోడలు బడిలో టీచరు. "పైకి చదవండత్తయ్యా. గొంతు ఆగినచోట కామా, మాట అయిపోతే చుక్క. తప్పయితే మాత్రం ఆకాశం ఊడిపడుతుందా?" అని ధైర్యం చెప్పింది.

ఆయన ఊరుకోలేక ఫోన్ లాక్కున్నాడు. "ఇదిగో, ఇక్కడ కామా ఎవరు పెట్టమన్నారు?"

"అక్కడ నాకు ఏడుపొచ్చింది. ఆగాను. పెట్టాను."

"చదివినవాళ్ళు నవ్వుతారే!"

"నవ్వనివ్వండి! నవ్వుతారనేగా ఆ రోజు మీ చేతికిచ్చాను?"

ఆయన ఫోన్ గట్టు మీద పెట్టేశాడు.

నిరుడు చెల్లెలు ఆస్పత్రిలో ఉంది. గొంతులో గొట్టం. మాట్లాడలేదు, చదవగలదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నాలుగు మాటలు రాసి, ఫోన్ ఆయనకిచ్చింది. "అన్నం తిన్నాక చూస్తాలే" అన్నాడు. తిన్నాడు. కునుకు తీశాడు. లేచి కామాలు పెడుతుండగా కబురొచ్చింది.

ఆవిడ అంతటితో ఆగలేదు. "అమ్మ చివరిదాకా ఫోన్ వైపే చూసింది, పెద్దమ్మకి ఒక్క మాట పంపే తీరికే లేకపోయిందని ఆ పిల్ల నాతో మాట్లాడటం మానేసింది. మీ పేరు బయటికి రాకూడదని ఆ నింద నేను మోశాను. మీరేమో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు!"

ఫోన్ తీసుకుని, తను రాసినది రాసినట్టే పంపేసింది. అవతల పిల్ల చదివింది. జవాబు లేదు.

మధ్యాహ్నం ఆవిడ కంచాలు పెడుతుంటే ఆయన తన ఫోన్ పట్టుకొచ్చాడు. "ఇది కాస్త చూడవే. ఎక్కడ ఆగాలో తెలియడంలేదు."

పిల్లకే రాశాడు. చుక్క లేదు, కామా లేదు.

'తప్పు మీ పెద్దమ్మది కాదు తల్లీ తను ఆ రోజే రాసింది నేనే ఆపాను నన్ను క్షమించు'

ఆవిడ చదివింది. ఫోన్ కంచం పక్కన బోర్లించింది. "అన్నం తిన్నాక చూస్తాలెండి."

ఆయన నిలబడ్డవాడల్లా కుర్చీలో కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ చూస్తూ నిలబడింది. కోపం చల్లారలేదు. అయినా ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పంపండి. ఇప్పుడే."

"ఇలాగేనా? ఒక్క చుక్కయినా..."

"పిల్ల చదువుకుంటుందండీ. ఆ రోజు మా చెల్లెలూ చదువుకునేది."

ఆయన పంపాడు. అన్నం ఇద్దరూ ముట్టలేదు.