పదకొండో డబ్బా

సావిత్రమ్మ పరుగెత్తుతోంది.

ఇసుకలో కాళ్లు కూరుకుపోతున్నాయి. ఎదురుగా కృష్ణా నది. చీకట్లో ఒక బ్యాటరీ లైటు ఊగుతూ రేవుకేసి పోతోంది.

ఆ లైటు పట్టుకున్నవాడు శాంతయ్య. ఫిల్ము కంపెనీ మనిషి. చంకలో రేకు డబ్బా. డబ్బా మీద తెల్లరంగుతో పదకొండు అంకె.

ఆఖరి రీలు!

వెనక, బీచుపల్లి జాతరలో, ఆమె సినిమా డేరా. లోపల నాలుగు వందల మంది. తొమ్మిదో రీలు నడుస్తోంది. కాసేపట్లో కథ ఆఖరుకు రావాలి...

రాకపోతే?

పోయినేడు నాగర్‌కర్నూల్లో ఇదే కంపెనీ ఆఖరి రీలు లేని పెట్టె పంపింది. జనం డేరా తగలబెట్టారు. ఉత్తరం రాస్తే, పెట్టె అప్పగించాక మా పూచీ లేదని జవాబొచ్చింది. నిలదీసి అడుగుతానని ఆమె మొగుడు తిమ్మప్ప బెజవాడకు రైలెక్కాడు. గద్వాల స్టేషనులో కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

అంతే. ఆ చెయ్యి మళ్లీ కనబడలేదు.

ఈసారి ఆమె ఒక జత ఎడ్లు అమ్మి కిరాయి మొత్తం ముందే కట్టింది. అయినా ఇంటర్వెల్లో శాంతయ్య ఒక కాగితం తీశాడు. ఇంకో మూడు సినిమాలు కూడా తీసుకోవాలట! వనపర్తిలో జనం మధ్యలోనే లేచిపోయిన సినిమాలు. వేలిముద్ర వేస్తేనే ఈ ఆట పూర్తవుతుందన్నాడు. ఆమె వేయనంది.

తొమ్మిదో రీలు ఎక్కించే గడబిడలో అతను డబ్బా ఎత్తుకుని నడిచాడు.

అరిస్తే జనానికి తెలుస్తుంది. తెలిస్తే డేరా మిగలదు. అందుకే నోరు మూసుకుని పరుగెత్తుతోంది.

ఆపరేటరు జయరాజు మీద కూడా ఒళ్లు మండిపోతోంది. పొద్దున్నే తిట్టింది. నిన్న ఆట నడుపుతూ, మిషను నుంచి దించిన ప్రతి రీలునూ అప్పుడే ఖాళీ అయిన డబ్బాలో పెట్టేశాడు. అది ఎప్పుడూ తర్వాతి రీలు డబ్బాయే. సర్దమంటే, ఏది ఎక్కడుందో తనకు తెలుసులే అన్నాడు. డబ్బాలకు కాపలా ఉండటం మాత్రం తెలియదు!

రేవు.

శాంతయ్య పుట్టిలోకి, ఆ గుండ్రటి బుట్టపడవలోకి, దూకేశాడు. పుట్టి కదిలింది...

ఆమె నీళ్లలోకి దిగుతుంది. మోకాలు. నడుము. పుట్టి అంచు దొరికింది!

"యేసన్నా, తెడ్డు వెయ్యకు."

పుట్టి నడిపే యేసయ్య తెడ్డు పైకెత్తి పట్టుకుని శాంతయ్యకేసి తిరుగుతాడు.

"ఆడమనిషి గిట్ల పట్టుకున్నంక ఎట్ల వేస్త దొరా? పుట్టి తిరగబడుతది. నాకు ఈత వస్తది. మీకు?"

శాంతయ్య డబ్బాను నీళ్ల మీదికి చాచాడు.

"వేలిముద్ర వేస్తావా? వదిలెయ్యమంటావా?"

"పైసలన్నీ కట్టిన గద. గిదేం న్యాయం?"

"నువ్వు కాకపోతే ఇంకో డేరా. కంపెనీకేం పోతుంది?"

ఆమె ఏడాదిగా దిగమింగుకున్న మాట అడుగుతుంది.

"మా ఆయన మీ ఆఫీసుకు వచ్చిండా? తిమ్మప్ప. చెవికి పోగు ఉంటది."

"రోజూ ఎంతోమంది వస్తారు. గుమ్మంలోంచే పంపేస్తాం. మొహాలు ఎవడు చూశాడు?"

మొహం కూడా చూడలేదు...

పుట్టి అంచు మీద ఆమె వేళ్లు బిగుసుకుంటాయి. లాగేస్తే? పుట్టి బోల్తా పడుతుంది. రీలూ పోతుంది. డేరా తగలబడుతుంది. లోపల జయరాజు ఉన్నాడు.

బొటనవేలు చాచింది.

శాంతయ్య నవ్వుతూ, ఒక చేత్తో డబ్బాను పుట్టి అంచుకు ఆనించి పట్టుకుని, రెండో చేత్తో సిరా పూశాడు. కాగితం ఒళ్లో పరిచాడు. వేలు కాగితానికి బెత్తెడు దూరంలో...

ఢాం!

శాంతయ్య తల దాచుకున్నాడు. డబ్బా జారింది. నీళ్లు ఒక్కసారి నోరు తెరిచి మూసుకున్నాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఒడ్డు మీంచి లౌడ్‌స్పీకర్లో ఒక ఆడగొంతు కేక. వెంటనే నాలుగు వందల మంది ఈలలు.

ఆ తుపాకీ చప్పుడు ఇద్దరికీ బాగా తెలుసు. విలన్ మీద పేలే గుండు. పదకొండో రీలు మొదట్లోనే పేలుతుంది.

పదకొండో రీలు డేరాలో నడుస్తోంది!

"మరి... నా చేతిలో ఉన్నదేంటి?"

సావిత్రమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. దించిన ప్రతి రీలూ తర్వాతి రీలు డబ్బాలోకే.

"పదోది. మా జయరాజు డబ్బాలు సర్దడు."

సిరా వేలిని అతని తెల్లచొక్కాకు తుడుచుకుంది. అతను నీళ్లకేసే చూస్తున్నాడు. కంపెనీ రీలు. కంపెనీ మనిషి చేతిలోంచే పోయింది.

"యేసయ్యా, పోనియ్. అవతలి ఒడ్డుకు. తొందరగా," అన్నాడు శాంతయ్య.

యేసయ్య ఆమెకేసి చూస్తాడు.

"వద్దన్నా. డేరాకే తీస్కపోదాం. ఆట అయినంక నడుమ రీలు ఏదని జనం అడుగుతరు." పుట్టి అంచును ఒడ్డుకేసి లాగుతుంది. "ఈయననే చెప్పనీ."

యేసయ్య ఒడ్డుకేసి తెడ్డు వేశాడు.