దారంతో కొలిచిన ఆకాశం

చీఫ్ గోడ మ్యాప్ మీద దారం బిగించి పట్టుకున్నాడు. ఒక కొస ఇక్కడి ఎయిర్‌పోర్టు మీద, రెండో కొస ప్రపంచానికి అవతలున్న ఎయిర్‌పోర్టు మీద.

“మన ఇంజనీరు సాయంత్రం ఆరింటికి అక్కడ దిగుతాడు. ముఠా వాళ్ల పేర్లన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. ఆయన్ని లేపెయ్యడానికి నెమలిని పంపారు.”

ఏజెంట్ డేగ నిట్టూర్చాడు. నెమలి మొన్నటిదాకా ఈ ఆఫీసు ఏజెంటే. అందగత్తె. రెండు పక్షాలకీ పనిచేసి, చివరికి విదేశీ ముఠా వైపు ఎగిరిపోయింది.

“ఇంజనీరుని కలిసేటప్పుడు చెప్పే కోడ్ మార్చారా సార్? పాతది ఆమెకి తెలుసు.”

“ఫైలు కదులుతోంది. నువ్వు తొమ్మిదింటికి చేరతావు.”

“అప్పటికి ఆయన శవం. ధ్రువం మీదుగా డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, ఐదున్నరకే దింపుతుంది.”

“అది చుట్టుదారయ్యా.” చీఫ్ దారాన్ని మ్యాప్ పైఅంచు దాకా వంచి చూపించాడు. “చూడు, దారమే చాలడం లేదు. దగ్గరి దారికే శాంక్షన్.”

“భూమి గుండ్రంగా ఉంటుంది సార్. బంతి మీద కొలవండి, ఆ పైదారే దగ్గర.”

“ఆఫీసుకి బంతి ఇవ్వలేదు. నువ్వు దిగే టైముకి అక్కడి పోలీసులు గేటు దగ్గరుంటారు. ఆమెను చూపించు చాలు. విమానాలు లేటవుతుంటాయిగా, ఆశ వదులుకోకు.”

డేగ ఆఫీసు టికెట్‌ను చెత్తబుట్టలో పడేసి, సొంత ఖర్చుతో డైరెక్ట్ ఫ్లైట్ ఎక్కాడు. మారువేషానికి కట్టుకున్న దొంగపొట్ట వల్ల సీటుబెల్టు పట్టలేదు. కింద మంచు తప్ప ఏమీ లేదు. సగం దారిలో పైలట్ ప్రకటించాడు: ఎదురుగాలి, అరగంట ఆలస్యం. డేగ పళ్లు నూరాడు.

దిగాక పాస్‌పోర్టు క్యూ నత్తలా కదిలింది. బయటపడి హాల్లోకి పరిగెత్తేసరికి ఇంజనీరు బ్యాగుతో నిలబడి ఉన్నాడు. ఎదురుగా వీల్‌చెయిర్ తోసే సిబ్బంది యూనిఫాంలో నెమలి.

“వాన వెలిసిందా?” అన్నాడు ఇంజనీరు.

“గొడుగింకా ఆరలేదు,” అని తియ్యగా నవ్వి, ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల విషపు సూది.

ఇంజనీరు నమ్మకంగా ముందుకొచ్చాడు. డేగ మధ్యలోకి దూకాడు. సూది దొంగపొట్ట దూదిలో దిగబడింది. మరుక్షణం ఆమె కుడిచేతికీ, అతని ఎడమచేతికీ కలిపి బేడీ పడింది.

“మీరు తొమ్మిదింటికి కదా రావాలి?” అంది నెమలి, తెల్లబోయి. “దారం లెక్క నేనూ వేసుకున్నాను.”

డేగ పోలీసులకు ఫోన్ చేశాడు.

“మాకు తొమ్మిదికని ఆర్డరండీ,” అన్నారు అవతల. “ముందు రావాలంటే మీ ఆఫీసు రాసివ్వాలి.”

చీఫ్ ఫోన్ ఎత్తలేదు. డేగ బెంచీ మీద కూలబడ్డాడు. బేడీతోపాటు నెమలీ కూర్చుంది. ఇంజనీరు కాస్త ఎడంగా జరిగాడు.

“కాఫీ తెప్పించండి,” అంది నెమలి. “నా కుడిచెయ్యి మీ దగ్గరుంది, కప్పు మీరే పట్టుకోవాలి.”